గర్నాతా అమ్మాయి ఫిడేలు

మా అబ్బాకి ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవి ఒక్కటే ఆసరా. రాత్రి ఇషా అయ్యి, అన్నాలు తిని, దస్తర్‌ఖాన్ తీసేశాక మా చిన్నది ఫోన్ పట్టుకొచ్చి ఆయన కుడి వైపు తలగడ మీద పెడుతుంది. "నానాజాన్, ఈ రోజు ఏది పెట్టాలి?" అంటుంది. ఆయన కళ్లు మూసుకుని "ఆ పిల్లదే పెట్టు" అంటారు.

ఆ పిల్ల మా ఖాందాన్ కాదు, మన ముల్క్ కూడా కాదు. పేరు మరియా దుయెన్యాస్. 2002 డిసెంబరులో స్పెయిన్‌లోని గ్రనాడాలో పుట్టింది. మన పాత కితాబుల్లో గర్నాతా అని రాసి ఉండేది ఆ ఊరే. వాయించేది ఫిడేలు. ఇవాళ్టి పిల్లలు వయొలిన్ అంటారు, మా అబ్బాకి మాత్రం ఎప్పటికీ ఫిడేలే.

మొన్న మా ఫుప్పు వచ్చినప్పుడు ఇదంతా చూసి నవ్వింది. "ఏమ్మా, మన దగ్గర ఫిడేలు వాయించేవాళ్లే కరువయ్యారా? ఎక్కడో స్పెయిన్ పిల్ల కావాల్సొచ్చిందా?" అంది. సవాల్ సరైనదే. మన తెలుగు నేల మీద ఫిడేలుకి తక్కువ చరిత్రేం లేదు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ వాద్యానికి తెచ్చిన ఇజ్జత్ చిన్నది కాదు. దొరలతో పాటు వచ్చిన వాద్యాన్ని దక్షిణాది విద్వాంసులు నేల మీద కూర్చుని, దాని తలని కాలి మడమ దగ్గర ఆనించి, తీగల శ్రుతి మార్చి పూర్తిగా తమది చేసుకున్నారు. ఫుప్పుకి ఆ మాటే చెప్పాను. అయినా ఈ అమ్మాయి దగ్గర ఒక సంగతి ఉంది, అది మన ఇళ్లకి ఇప్పుడు చాలా జరూరీ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. గర్నాతా అనగానే మనలో చాలామందికి గుండె కాస్త బరువెక్కుతుంది. అల్ హమ్రా మహల్, 1492 జనవరి 2న తాళాలు అప్పజెప్పిన సుల్తాన్, ఆ కహానీ అంతా గుర్తొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఫొటోలు పెట్టుకుని అఫ్సోస్ పడటం మనకి అలవాటు. ఈ అమ్మాయిని కూడా ఆ ఖాతాలో రాసేసి "చూశారా, మన గర్నాతా పిల్ల" అనుకోవడం సులువు. అది ఇన్సాఫ్ కాదు. ఆ గ్రనాడా ఆమెది, ఆమె పుట్టిన ఊరు, ఆమె బడికెళ్లిన వీధులు. ఒక్క రిష్తా మాత్రం నిజంగా ఉంది, అది కూడా మనుషులది కాదు, వాద్యానిది. అరబ్బుల రబాబ్ అందలుస్ మీదుగా యూరప్ చేరింది. కమానుతో వాయించే ఆ రబాబ్ అక్కడ రెబెక్ అయ్యింది. 16వ శతాబ్దంలో ఇటలీలో తయారైన వయొలిన్‌కి ఉన్న పూర్వీకుల్లో అదీ ఒకటి. అంతవరకు చెప్పుకుంటే చాలు. మిగతాది ఆ అమ్మాయి మెహనత్.

ఆ మెహనత్ చూడండి. చిన్నప్పుడు గ్రనాడాలోనే మొదలుపెట్టింది. 11 ఏళ్లకి స్కాలర్‌షిప్ వస్తే జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లింది. అక్కడి నుంచి 2016లో వియన్నా వెళ్లి బోరిస్ కుష్నీర్ అనే ఉస్తాద్ దగ్గర షాగిర్దీలో చేరింది. 2021లో మెనూహిన్ పోటీలో పెద్దపిల్లల విభాగంలో మొదటి ఇనామ్ గెలిచింది, శ్రోతలు ఓటు వేసి ఇచ్చే ఇనామ్ కూడా ఆమెకే వచ్చింది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో జరగాల్సిన ఆ పోటీ కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోనే నడిచింది. ఆ పోటీకి ఎవరి పేరు పెట్టారో ఆ యెహూదీ మెనూహిన్ కూడా చిన్నతనంలోనే దునియాని ఆశ్చర్యపరిచినవాడే. 1932లో 16 ఏళ్ల వయసులో ఎల్గార్ రాసిన కన్చెర్టోని ఎల్గార్ ఎదుటే రికార్డు చేశాడు. తర్వాత మన రవిశంకర్‌తో కలిసి వాయించాడు. అలాంటి నామ్ ఉన్న పోటీ అది.

ఇక్కడిదాకా చదివినవాళ్లు "మాషాఅల్లాహ్, పుట్టుకతోనే వచ్చిన హునర్" అంటారు. నా ఫిర్యాదు ఆ మాట మీదే. పుట్టుకతో వచ్చింది అనగానే మనం చేతులు దులుపుకుంటాం. మా పిల్లలకి అది రాలేదు కాబట్టి వాళ్ల దగ్గర నుంచి ఏమీ ఆశించనక్కర్లేదు అని తేలిపోతుంది. ఈ అమ్మాయి మొదటి రికార్డు విన్నాక నాకు అర్థమైంది వేరు.

ఆ రికార్డు 2023లో వచ్చింది, అప్పటికి ఆమెకి 20 ఏళ్లు. బేతోవెన్ 1806లో రాసిన వయొలిన్ కన్చెర్టో. వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాతో, మాన్‌ఫ్రెడ్ హోనెక్ నడిపిస్తుండగా, ముజీక్‌ఫెరైన్ అనే పేరున్న హాలులో జనం ముందు వాయించినది. ఇది వినడానికి సంగీతం తెలియాల్సిన పనిలేదు, సబర్ ఉంటే చాలు. మొదట డోలు మీద మెల్లగా వరసగా దెబ్బలు పడతాయి. తర్వాత ఆర్కెస్ట్రా ఎత్తుకుంటుంది. ఫిడేలు రాదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఆ అమ్మాయి అలా నిలబడే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు మా చిన్నది "ఈమె ఎప్పుడు మొదలుపెడుతుంది అమ్మీ?" అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత ఫిడేలు వస్తుంది. గొడవేం చేయదు. కింది నుంచి మెట్లెక్కినట్టు పైకి ఎక్కుతుంది, పైన సన్నటి ఆవాజ్‌తో ఆగుతుంది.

ఆ సన్నటి ఆవాజే నాకు ఈమె కమాల్. పై స్థాయిలో చాలామంది ఫిడేలు గీసినట్టు వినిపిస్తుంది, లేదంటే మరీ తియ్యగా జారిపోతుంది. ఈమె అక్కడ దాదాపు గుసగుసలాగా వాయిస్తుంది, అయినా ఆర్కెస్ట్రా వెనక్కి తగ్గి వింటున్నట్టే ఉంటుంది. రెండో భాగంలో అయితే ఎంత మెల్లగా వెళ్తుందంటే, ఇంకొంచెం మెల్లగా పోతే తెగిపోతుందేమో అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఒకట్రెండు చోట్ల నాకు మరీ నెమ్మది అనిపించింది. మా అబ్బా మాత్రం "తొందరేముంది దానికి?" అన్నారు.

ఈ కన్చెర్టోకి ఒక కిస్సా ఉంది. 1806 డిసెంబరు 23న వియన్నాలో ఫ్రాన్జ్ క్లెమెంట్ దీన్ని మొదట వాయించాడు. పెద్దగా నిలబడలేదు. చాలా ఏళ్లు అరుదుగానే వినిపించింది. 1844లో లండన్‌లో జోసెఫ్ యోఆఖిమ్ అనే అబ్బాయి మెండెల్సన్ నడిపించగా దీన్ని వాయించాకే జనానికి దీని విలువ తెలిసొచ్చింది. ఆ అబ్బాయికి అప్పుడు 12 ఏళ్లు. పెద్దలు పక్కన పెట్టేసినదాన్ని ఒక పిల్లవాడు తెచ్చి మళ్లీ మధ్యలో పెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి కన్చెర్టోల్లో మొదటి భాగం చివరికొచ్చేసరికి ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది. వాయించేవాళ్లు ఒక్కళ్లే మిగులుతారు. అప్పటిదాకా విన్న బాణీలని తీసుకుని తమ మనోధర్మంతో కాసేపు వాయించాలి. దాన్ని కాడెంజా అంటారు. బేతోవెన్ ఫిడేలు కోసం ఈ చోట ఏమీ రాయలేదు, జాగా ఖాళీగా వదిలేశాడు. తర్వాత ఇదే కన్చెర్టోని పియానోకి మార్చినప్పుడు మాత్రం తనే ఒక కాడెంజా రాశాడు, అందులో డోలు కూడా వచ్చి కలుస్తుంది. ఫిడేలుకి మాత్రం ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఉస్తాదులు ఎవరికి తోచినట్టు వాళ్లు దాన్ని నింపారు. ఇవాళ ఎక్కువమంది ఫ్రిట్జ్ క్రైస్లర్ రాసినదే వాయిస్తారు. అది బాగుంటుంది, జనానికి అలవాటు, ఖతరా లేదు.

దుయెన్యాస్ తన కాడెంజాలు తనే రాసుకుంది. 20 ఏళ్ల పిల్ల, మొదటి రికార్డు, బేతోవెన్, వియన్నా. అక్కడ తప్పటడుగు వేస్తే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అయినా తన మాటే చెప్పింది.

నాకు నచ్చింది అంతటితో ఆగలేదు. అదే ఆల్బమ్‌లో ఆమె ఇంకో ఐదుగురు ఉస్తాదుల కాడెంజాలు కూడా వాయించింది. జర్మనీకి చెందిన ష్పోర్, పోలండ్‌కి చెందిన వియెనియాఫ్‌స్కీ, ఫ్రాన్స్‌కి చెందిన సాన్‌సాన్స్, బెల్జియంకి చెందిన ఇజాయి, వియన్నాలో పుట్టిన క్రైస్లర్. ష్పోర్ పుట్టింది 1784లో, క్రైస్లర్ పోయింది 1962లో. ఆ మధ్య కాలమంతా ఒకే ఖాళీ జాగాకి వచ్చిన ఐదు జవాబులు అవి. వాళ్ల సొంత రచనలు కూడా ఒక్కొక్కటి వాయించింది. తను ఎవరి పక్కన నిలబడి మాట్లాడుతోందో వాళ్లందరినీ పిలిచి, అదబ్‌తో కూర్చోబెట్టి, వాళ్ల మాటలు పూర్తిగా వినిపించి, ఆ తర్వాత నా మాట ఇదీ అన్నట్టు ఉంటుంది.

ఉర్దూ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. తరహీ ముషాయిరా గుర్తు తెచ్చుకోండి. ఒకే మిస్రా అందరికీ ఇస్తారు. అదే బహర్, అదే కాఫియా, అదే రదీఫ్. ఒక్కో షాయర్ ఒక్కో గజల్ తెస్తాడు. ఇచ్చిన మిస్రాని మర్చిపోయినవాడికి అక్కడ చోటు లేదు, దాన్నే తిప్పి తిప్పి చెప్పినవాడికి దాద్ లేదు. తెలుగువాళ్ల సమస్యాపూరణ కూడా ఇంచుమించు ఇదే. ఈ అమ్మాయి రికార్డు నాకు ఆరుగురు షాయర్ల తరహీ ముషాయిరాలాగే వినిపించింది, అందులో అందరికన్నా చిన్నది చివరి షాయర్.

మా అబ్బాకి ఇది నాకన్నా ముందే అర్థమైంది. ఆయన బోర్డులు రాసేవారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, ఆ కహానీ ఇంకెప్పుడైనా. కుర్రతనంలో ఉస్తాద్ దగ్గర ఖత్ నేర్చుకున్నప్పుడు ఒక్క 'అలిఫ్'నే నెలల తరబడి మష్క్ చేశారట. ఉస్తాద్ గీసిన అలిఫ్ పక్కన తన అలిఫ్, కింద ఇంకో అలిఫ్. తేడా ఉంటే ఎర్ర సిరాతో చుక్క. "అన్ని చుక్కలు తిన్నాక ఒక రోజు ఉస్తాద్ కాగితం తోసేసి, ఇప్పుడు నీ చెయ్యి చూపించు అన్నారు బేటీ. ఆ రోజు నాకు చెయ్యి వణికింది" అని చెప్పారు. ఆరు కాడెంజాలు వరసగా విన్న రాత్రి చెప్పిన మాట అది. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఎందుకంటే ఆ వారమే మా చిన్నది లెక్కల పేపరు తెచ్చింది. ఒక లెక్కకి జవాబు సరిగ్గానే ఉంది, కానీ బడిలో చెప్పిన పద్ధతిలో కాకుండా తనకి తోచిన దారిలో చేసింది. మార్కులు సున్నా. పక్కన "చెప్పినట్టు చెయ్యి" అని రాసి ఉంది. నేను టీచర్‌ని అడగలేదు. పైగా నేనే దాన్ని కసిరాను: "నీకెందుకు ఎక్కువ తెలివి? చెప్పింది రాయి." పిల్ల పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఎర్ర చుక్కలు నేనూ పెట్టాను, బడీ పెట్టింది. నీ చెయ్యి చూపించు అని ఇద్దరిలో ఒక్కళ్లం కూడా అనలేదు.

మన ఇళ్లలో తర్బియత్‌కి లోటు లేదు. పెద్దలు చెప్పింది వినడం, నేర్పింది అలాగే ఒప్పజెప్పడం మన పిల్లలకి బాగా వచ్చు. అది చిన్న విషయం కాదు, దుయెన్యాస్ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఐదుగురు ఉస్తాదుల రచనలు ఒక్క స్వరం తప్పకుండా వాయించగలిగిన తర్వాతే తన కాడెంజాకి విలువ వచ్చింది. రియాజ్ లేకుండా సొంత గొంతు అనేవాళ్ల మాట నేను నమ్మను. కానీ మనం మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాం. తఖ్లీద్ నేర్పుతాం, ఆ తర్వాత వదలాల్సిన ఖాళీ జాగాని వదలం. ఆడపిల్లల విషయంలో అయితే మరీనూ. డిగ్రీ దాకా అన్నీ మన పద్ధతిలోనే చేయించి, ఇరవై ఏళ్లకి "దీనికి సొంతంగా ఒక్క ఫైసలా చేసుకోవడం రాదు" అని మనమే అంటాం.

ఆమె రెండో పెద్ద ఆల్బమ్ 2025లో వచ్చింది. పాగనీనీ రాసిన 24 కాప్రీస్‌లు. 1820లో అచ్చయిన ఈ రచనలు ఫిడేలువాళ్లకి ఇంతిహాన్ లాంటివి. తోడు ఎవరూ ఉండరు. ఒక్క వాద్యం, నాలుగు తీగలు. ఎడమ చేతి వేళ్లతో తీగలు మీటుతూ కుడి చేత్తో కమాను లాగాలి, ఒకేసారి రెండు మూడు తీగలు పలికించాలి. ఇక్కడ మా ఇంట్లో ఇఖ్తిలాఫ్ వచ్చింది. మా అబ్బా నాలుగైదు విని "ఇది కసరత్ బేటీ, పాట కాదు" అనేశారు. నేను ఒప్పుకోలేదు. 20వ కాప్రీస్ పెట్టాను. అందులో ఒక తీగ కింద సుర్‌లాగా ఆగకుండా మోగుతుంటే పైన పాట నడుస్తుంది, షహనాయి పక్కన ఇంకో షహనాయి సుర్ పట్టినట్టు. ఆయన కుడి చెవి తలగడకి ఇంకా దగ్గరగా జరిపారు. "ఇది వేరు" అన్నారు. అంతకుమించి ఒప్పుకోలేదు. మిగతావాటిలో ఆయన మాటలో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఒకేసారి 24 వినకండి. రోజుకి రెండు చాలు.

పాతవాళ్ల రచనలే కాదు, బతికున్నవాళ్లు ఆమె కోసం కొత్తగా రాస్తున్నారు. మెక్సికోకి చెందిన గాబ్రియేలా ఓర్తిజ్ 'ఆల్తార్ దె కుయెర్దా' అనే కన్చెర్టోని ఈమె కోసం రాసింది. 2022లో లాస్ ఏంజెలెస్‌లో గుస్తావో దుదమెల్ నడిపించగా దాన్ని మొదటిసారి వాయించింది. ఆ రచన ఉన్న ఆల్బమ్‌కి 2025లో గ్రామీ అవార్డులు వచ్చాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆమె కచేరీ దగ్గర్లో పడితే వెళ్లి వినండి. ఆమె చేతిలో ఉన్న ఫిడేలు కూడా గమనించండి. ఆమె వాయించే వాటిలో 1710లో తయారైన స్ట్రాడివేరియస్ ఒకటి, అది ఆమె సొంతం కాదు. ఒక సంస్థ వాయించుకోమని ఇచ్చిన అమానత్. మూడు వందల ఏళ్లలో ఎన్ని చేతులు మారి వచ్చిందో. ప్రతి చెయ్యీ దాంట్లోంచి తన ఆవాజే తీసింది.

ఇది చదివి కొందరు సంగీతం జాయిజా కాదా అని అడుగుతారు, నాకు తెలుసు. దానిమీద ఉలమాల మధ్య ఉన్న ఇఖ్తిలాఫ్ పాతది. ఫత్వా ఇచ్చేంత ఇల్మ్ నాకు లేదు. వినకూడదని నమ్మేవాళ్ల మనసు నొప్పించాలని లేదు, వాళ్లు వినక్కర్లేదు. నేను చెప్పే మాట ఫిడేలుతో ఆగేది కాదు. ఖత్‌లో, కుట్టుపనిలో, లెక్కల్లో, వంటలో, ఎక్కడైనా అదే. ముందు ఉస్తాద్ చెయ్యి పట్టుకుని నేర్చుకోవాలి, తర్వాత ఒక రోజు ఆ చెయ్యి వదలాలి. వదిలించాల్సింది పెద్దవాళ్లమే.

ఇంకొందరు "మా పిల్లలు అంత గొప్పవాళ్లు కాదమ్మా" అంటారు. మా చిన్నది కూడా కాదు. దానికి ఫిడేలు నేర్పడం లేదు, అది అడగనూ లేదు. కానీ ఖాళీ జాగా గొప్పవాళ్లకి మాత్రమే ఇచ్చేది కాదు కదా. మా అబ్బా గొప్ప ఖత్తాత్ ఏం కాదు, మా బజారులో బోర్డులు రాసిన మనిషి. అయినా ఆయన రాసిన 'హే' చూసి ఇది ఫలానా ఆయన చెయ్యి అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఒక జుమ్మా రాత్రి కాస్త తీరిక చేసుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని బేతోవెన్ కన్చెర్టో మొత్తం వినండి. తర్వాత ఆరు కాడెంజాలు వరసగా వినిపించండి. ఎవరిది ఏదో చెప్పకండి, ఏది నచ్చిందో అడగండి, ఎందుకో అడగండి. సరైన జవాబు అంటూ ఏదీ లేదని ముందే చెప్పండి. మా చిన్నది ఇజాయిది అంది, నేను దుయెన్యాస్‌ది అన్నాను, మా అబ్బా క్రైస్లర్ దగ్గరే ఆగారు. అరగంట వాదించుకున్నాం.

ఆ రాత్రే దాని బ్యాగులోంచి లెక్కల పేపరు తీయించాను. "నువ్వు ఎలా చేశావో నాకు చెప్పు" అన్నాను. మొదట నమ్మలేదు, తిడతాననుకుంది. తర్వాత పెన్సిల్ తీసుకుని నానాజాన్ మంచం మీదే కూర్చుని చెప్పింది. దాని దారి బడి చెప్పిన దారికన్నా రెండు మెట్లు పొడుగు. కానీ దారి సరైనదే. పేపరు కింద ఖాళీలో అదే లెక్కని బడి పద్ధతిలో కూడా చేయించి, రెండూ పక్కపక్కన పెట్టి టీచర్‌కి చూపించమని పంపాను. ఏమంటారో వచ్చే వారం తెలుస్తుంది. దువా చేయండి.